నలదౌత్యమున నామగోపనము

నైషధము విద్వాంసులకు ఔషధమను ప్రసిద్ధి పండితలోకమునఁ జిరకాలమునుండి కలదు. ఈ ప్రసిద్ధి యా కావ్యమునకు గౌరవముతోడఁ గొంత హానినిఁ గూడఁ గలిగించినది. శ్లేషలకు అర్థములు విడఁదీయుటయందును, శాస్త్రమర్మములను వెలువరించుటయందును బరిశ్రమించిన వ్యాఖ్యాతలకు, కథలోని యిరువురు యువజనుల హృదయములలో నేమి జరుగుచున్నదో యారయుటకుఁ దీఱిక చిక్కలేదు. బోధనమందును హంసవృత్తాంతమునకును, దమయంతీ వర్ణనమునకును, స్వయంవర ఘట్టమునకును గల ప్రాముఖ్యము నలదౌత్యమునకు లేదు. అది నలుని సత్యసంధతకు నిదర్శనమని యొక్కమాటతో ముగించుట వాడుకయైనది.

కాని యా ఘట్టమున నొక చిక్కు కలదు. ప్రియుఁడు ప్రేయసి యెదుట నిలిచియున్నాఁడు. ఆమె కోరునది తననే యని యతనికిఁ దెలియును. ఐనను అతఁడు తన పేరు చెప్పక, పరుల పక్షమున వాదించి, యామెకుఁ గన్నీరు తెప్పించును. ఇది ధర్మమా, దోషమా? ధర్మమనువారు నలుని ప్రతిజ్ఞను జూపుదురు. దోషమనువారు దమయంతి కన్నీటినిఁ జూపుదురు. ఈ వివాదమునకుఁ బరిష్కారము కావ్యములోనే కలదు. శ్లేషకుఁ బేరువడసిన యీ కావ్యమునందే, రెండర్థముల మాట ప్రణయినుల నడుమ నెట్టి యనర్థము తెచ్చునో కవి ముమ్మాఱు నిరూపించియున్నాఁడు. శ్లేష పండితునకు భూషణము; ప్రణయినులకు ఆవరణము. నలదౌత్యమును ఈ దృష్టితోఁ బరిశీలింపవలసియున్నది.

శ్రీహర్షుఁడు 12వ శతాబ్దమునఁ గన్యాకుబ్జరాజుచే సత్కృతుఁడై, 22 సర్గలుగా నైషధీయచరితమును రచించెను. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి యేలుబడి (1402-1420) నాఁటివాఁడగు శ్రీనాథుఁడు దానిని ఎనిమిది యాశ్వాసముల శృంగారనైషధముగాఁ దెనిఁగించి మామిడి సింగనామాత్యునకుఁ గృతి యిచ్చెను. శబ్దమును మాత్రమే గాక యభిప్రాయమును, భావమును, రసమును, ఔచిత్యమును గూడ దృష్టియందుంచుకొని తెనిఁగించితినని శ్రీనాథుఁడు తన గ్రంథముననే చెప్పికొనెను. కథాగమనమునఁ దెలుఁగు కావ్యము మూలమునే యనుసరించుటచే, దౌత్యవిషయమున రెండింటినిఁ గలిపి విచారించుట యుక్తము.

భారతమందలి నలుఁడు

నైషధకారుఁడు చేసిన మార్పు తెలియవలెనన్న ముందుగా భారతమును జూడవలెను. అరణ్యపర్వమున బృహదశ్వమహర్షి ధర్మరాజునకీ కథఁ జెప్పును. అందును ఇంద్రాగ్నియమవరుణులు నలుని దూతగాఁ బంపుదురు. అందును అతఁడు వారి ప్రభావమున నెవరికిఁ గానఁబడక యంతఃపురముఁ బ్రవేశించును. కాని దమయంతి నీవెవరవని యడిగినంతనే నలుఁడు తాను నలుఁడననియు, దేవతల దూతగా వచ్చితిననియుఁ జెప్పివేయును. ఆ తరువాతనే దేవతల కోరికను విన్నవించును. ఆమె తన ప్రేమను దాఁచదు. నీవును దేవతలతోఁ గలిసి స్వయంవరమునకు రమ్మనియు, వారి యెదుటనే నిన్ను వరింతుననియు, అందువలన నీకుఁ దప్పు లేదనియు నుపాయము చెప్పును. నలుఁడు మరలిపోయి జరిగినదంతయు దేవతలకు యథార్థముగా నివేదించును. ఆంధ్రభారతమున నన్నయయు నీ క్రమమునే పాటించెను.

ఈ కథలో దౌత్యమునకు లోపము రాలేదు. పేరు చెప్పుటచే ప్రతిజ్ఞ చెడలేదు. దేవతలు కోపింపలేదు; స్వయంవరానంతరము నలునకు వరములిచ్చి మఱలిరి. కాఁబట్టి నామగోపనము దూతధర్మమున కవశ్యకమైన యంగము గాదని వ్యాసుని కథయే సాక్ష్యమిచ్చుచున్నది. దానిని శ్రీహర్షుఁడు బుద్ధిపూర్వకముగాఁ గల్పించెను. అట్లు కల్పింపవలసిన యావశ్యకత యేమన్నది ప్రశ్న.

హంస కోరిన స్పష్టత

దీనికి సమాధానము దౌత్యమునకుఁ బూర్వమందలి హంసఘట్టమునఁ బ్రారంభమగుచున్నది. నలునిచేతఁ జిక్కి, యతని దయచే విడువఁబడిన బంగారుహంస కృతజ్ఞతతోఁ గుండినపురమునకు వచ్చి, చెలులనుండి దమయంతిని దూరముగాఁ దీసికొనిపోయి, నలుని గుణములు వర్ణించి, యామె కోర్కె యేమని యడుగును. అంతవఱకుఁ దనలోఁ దాను వేఁగుచున్న కన్య యా ప్రశ్నకు సూటిగా బదులు చెప్పలేదు. మొదట ద్విజరాజ శబ్దమును బట్టుకొని చంద్రునిఁ జేతఁ బట్టుకొనవలెనను పసికోర్కెగాఁ దన కోర్కెను మఱుఁగుపఱచును. చంద్రుఁడనియు రాజనియు నర్థమిచ్చు పదమది. పిదప తన మనస్సు లంకకుఁ బోవదనియు, నలునిఁ గోరుచున్నదనియు రెండు విధముల విఱుచుకొనఁదగిన వాక్యమును బలుకును. సిగ్గును జంపుకొనలేక, కోర్కెను దాఁచుకొనలేక, ఆమె శ్లేషను శరణు చొచ్చెను.

చదువరులీ శ్లేషలను మెచ్చుకొని ముందుకు సాగుదురు. హంస మాత్రము మెచ్చుకొని యూరకుండలేదు. అర్థము తన కొంత గోచరించినదనియు, ఐనను సందేహమున్న మాటను మోసికొనిపోయి రాజునొద్ద నవ్వులపాలు గాలేననియు, తండ్రి మఱియొకనికిచ్చినచోఁ దన రాయబారమేమగుననియు నిలదీయును. అప్పుడు దమయంతి శ్లేషను విడిచి, నలుఁడు దక్కనిచోఁ బ్రాణములు నిలుపుకొననని తేటగాఁ జెప్పును. హంస యెగిరిపోవునది యా తేటమాట విన్న పిమ్మటనే.

ఈ ఘట్టమందలి నీతి స్పష్టము. సంశయాత్మకమైన మాట పక్షికైనను మోయరానిది. లజ్జ కన్యకు సహజము. దానిని శాస్త్రకారులు వ్యభిచారిభావములలోఁ జేర్చిరి. ఆకారగోపన రూపమగు అవహిత్థకును వారు స్థానమిచ్చిరి. కాని యవి భావములేకాని పరిష్కారములు గావు. ఒకరు మాటను మఱుఁగుపఱచినప్పుడు రెండవవారు దానిని వెలికిఁ దీసికొననిచోఁ గథ యచ్చటనే నిలిచిపోవును.

పేరు చెప్పని దూత

హంస కోరిన స్పష్టతను దమయంతి యిచ్చినది. ఆమె దూతను గోరిన స్పష్టతను నలుఁడీయలేదు. ఈ రెండు ఘట్టములును ఒకదాని కొకటి బింబప్రతిబింబములవలె నున్నవి.

నలుఁడు తిరస్కరిణీవిద్యచే నెవరికిఁ గానరాక యంతఃపురమునఁ దిరుగుచున్న వర్ణనమున శ్రీహర్షుఁ డొక యద్భుతకల్పనము చేసెను. విరహముచే ప్రియుని రూపమును ఎల్లెడలఁ జూచుచున్న దమయంతికి మాయానలుఁడు గానవచ్చును. అదేచోట నిజమైన నలుఁడును గలఁడు. ఆమె మాయానలునిపై వైచిన పూలదండ నిజనలుని మెడఁ బడును. ఇచ్చినది చేరవలసినవానికే చేరెను. చేరినదని యిచ్చినయామెకుఁ దెలియదు. తాను పుచ్చుకొన్నవాఁడు పలుకఁడు. రాఁబోవు దౌత్యమున కంతకును ఈ పూలదండయే సూచకము.

అచ్చటనే యింద్రుఁడు ప్రత్యేకముగాఁ బంపిన దూతి వచ్చి స్వర్గభోగములను జూపి దమయంతిని వేఁడుట, ఆమె వినయముతో, దృఢనిశ్చయముతో నిరాకరించుట నలుఁడు చాటుననుండి వినును. ఇది విమర్శకులు గుర్తింపవలసిన ముఖ్యవిషయము. నలుఁడు ప్రత్యక్షమగునప్పటికే యామె హృదయ మతనికిఁ బూర్తిగాఁ దెలిసినది. ఆమె మనస్సును బరీక్షింపవలసిన పని యిఁక లేదు. ఇరువురిలో నొకరికి సర్వమును దెలియును. రెండవవారి కేమియుఁ దెలియదు. ఇట్టి యసమానస్థితియందు సంభాషణ మారంభమైనది.

దమయంతి యతిథిమర్యాదలు పలికి పేరును గులమును అడుగును. నలుఁడు దేవతల సందేశమునంతయుఁ జెప్పి, పేరును మాత్రము దాఁటవేయును. ఆమె విడువదు. చెప్పినదానిలోఁ గొంత వెలికి వచ్చి, కొంత లోపలనే పాఱుచున్న సరస్వతీనదితో నతని వాక్కును బోల్చి మరల నడుగును. నలుఁడు చంద్రవంశమున జన్మించినవాఁడనని యర్ధసత్యము చెప్పి, తన పేరు తాను చెప్పికొనుట సజ్జనాచారము గాదని శిష్టసంప్రదాయమును అడ్డువెట్టుకొనును. అందులకు దమయంతి యిచ్చిన ప్రత్యుత్తరము కావ్యమునఁ దలమానికము. పేరు చెప్పుట నీకాచారము గానిచో, ఎవరో తెలియని పురుషునితో మాటలాడుట కులకాంతలకును ఆచారము గాదని యామె యనును. కన్య వాదమున నొక చక్రవర్తిని నిరుత్తరుని జేసినట్లు మాత్రమే దీనినిఁ జదువుట చాలదు. ఒకరు దాఁచుకొన్నచో రెండవవారును దాఁచుకొనక తప్పదు. గోపనము గోపనమునే కనును. ఈ సూక్ష్మమును కవి యామె నోటఁ బలికించెను.

అటుపిమ్మట నలుని వాదము క్రమముగాఁ గఠినమగుచు వచ్చును. మొదట దేవతల గొప్పదనము, పిదప నామె యవివేకము, కడపట బెదరింపు. ఇంద్రాదులు విముఖులైనచో వివాహమెట్లు జరుగును? అగ్ని సాక్షిగా నిలువఁడు. కన్యాదానమునకు వరుణుఁడు నీరొసఁగఁడు. ఇట్లు దారులన్నియు మూసివేసిన వాదమునకు దమయంతి యిఁక నుత్తరము చెప్పలేక విలపింపఁ దొడఁగును. ఆ విలాపమున నామె దూరముననున్నాఁడని తలఁచుచు నిషధపతినిఁ బేర్కొని పిలుచును. తాను మరణించిన వార్త చెవి సోఁకిన పిదపనైన నీకుఁ గనికరము గలుగునా యని ప్రశ్నించును. ఆ నిషధపతి యామె యెదుటనే నిలిచి వినుచున్నాఁడు. సంస్కృతాంధ్ర కావ్యములలో విరహవర్ణనములు పెక్కులు గలవు. ప్రియుఁడు సన్నిధినుండఁగా జరిగిన విరహమింత తీవ్రముగా వర్ణితమైన చోటులు మిక్కిలి యరుదు.

అప్పుడు నలుని నిగ్రహము విచ్ఛిన్నమగును. తాను దూతనను స్ఫురణ తొలఁగి, కోపించిన ప్రియురాలినిఁ బ్రసన్నురాలినిఁ జేసికొనువానివలె ననునయించుచు, తాను నలుఁడనని వెల్లడించును. బుద్ధిపూర్వకముగాఁ జెప్పవలసినమాట భ్రాంతివశమున వెలువడినది. తెలివి వచ్చిన పిదప నతఁడు తన్నుఁ దాను నిందించుకొనును. ఆ నిందలో ముందుగా వినవచ్చునది దమయంతి దుఃఖము గాదు. ఇంద్రున కేమని చెప్పుదును, హనుమంతాదులు కీర్తిచేఁ దెల్లఁబఱచిన దూతమార్గమును దాను శత్రువుల నవ్వులచేఁ దెల్లఁబఱచితినే యను చింత. నామగోపనమునకు మూలము ధర్మనిష్ఠ యొక్కటియే గాదనియు, లోకము తన్నేమనుకొనునో యను కీర్తికాంక్ష దానితోఁ గలసియున్నదనియు నీ పలుకులే తెలుపుచున్నవి.

ఈ గోపనముచే దమయంతికిఁ గలిగిన బాధ కన్నీటితో ముగియలేదు. అపరిచితుఁడగు దూతనుఁ జూచినప్పుడు తన మనస్సు తనకుఁ దెలియకయే యతనివంక మొగ్గుట యామెకు లోలోపల శల్యమై యుండెను. ఆతఁడు నలుఁడే యని తెలిసినప్పుడు పరపురుషునిపైఁ జిత్తము నిలిపితినను శంక తొలఁగి యామె యూఱట చెందినది. అనఁగా నతని మౌన మామె ప్రేమను మాత్రమే గాక, యామెకుఁ దన శీలమునందలి విశ్వాసమును గూడఁ గదలించినది. నలుని సత్యసంధతను మెచ్చుకొనువారు ఈ మూల్యమును లెక్కలోఁ జేర్చుట లేదు.

ఇచ్చట బంగారుహంస మరల వచ్చి, యిఁకనైన నీమెను నిరాశపఱుపవలదనియు, నీ చిత్తశుద్ధి దేవతలకుఁ దెలిసినదేయనియు నలునకు బోధించును. మొదటిమాఱు దమయంతిచే స్పష్టముగాఁ బలికించిన పక్షియే రెండవమాఱు నలుని దారికిఁ దెచ్చుట యాదృచ్ఛికము గాదు. ఐనను చిక్కు పూర్తిగాఁ దీఱలేదు. దూతతోఁ గొంకు లేక వాదించిన దమయంతి, యతఁడు ప్రియుఁడని తెలిసినంతనే సిగ్గుచే నోరు మెదపలేకపోయినది. ఆమెకు బదులు చెలికత్తె మాటలాడవలసివచ్చినది. పరునితోఁ బలుకఁగలిగిన వాక్కు ప్రియునితోఁ బలుకుటకుఁ జాలదు. యువప్రణయమందలి వైపరీత్యమును ఇంతకంటె సూక్ష్మముగాఁ జూపుట కష్టము.

పూర్వపక్షము

ఇందుపైఁ బండితులు చేయఁదగిన యాక్షేపములు రెండు. పేరు చెప్పినచో దౌత్యము నిస్సారమగును. నలుఁడని తెలిసిన పిమ్మట నతని నోట దేవతల పక్షమున వచ్చు మాటలకు విలువ యుండదు. కాఁబట్టి నామగోపనము ప్రతిజ్ఞాపాలనమునకు సాధనమని మొదటి యాక్షేపము. భారతకథయే దీనికి సమాధానము. అందు నలుఁడు పేరు చెప్పియు సందేశమును లోపము లేకుండ వినిపించెను; ఎంచుకొను స్వాతంత్ర్యమును దమయంతికి విడిచెను. దూత పని సందేశమును జేర్చుటయే కాని, వినువారి వివేకమునకు మఱుఁగు గల్పించుట గాదు. అదియునుగాక నైషధనలుఁడు సందేశముతోఁ దృప్తి చెందక వాదమునకును, బెదరింపునకును దిగెను. ప్రతిజ్ఞ యంతదూరము పోవలెనని దేవతలును నియమింపలేదు.

రెండవ యాక్షేపము మఱింత బలమైనది. భావమును స్వశబ్దముచేఁ జెప్పుట రసదోషమని మమ్మటాదులు సిద్ధాంతీకరించిరి. ప్రేమ వ్యంగ్యముగానే యుండవలెను. నలుఁడు వచ్చినతోడనే తన పేరును బ్రేమను జెప్పివేసినచోఁ గావ్యమెక్కడిది? ఇది నిజమే. కాని యిచ్చట నొక భేదము మఱువరానిది. వ్యంగ్యము సహృదయునికొఱకు. నలుని కంఠస్వరము, రోమాంచము, తొట్రుపాటు చదువరి కనులఁబడును. అతఁడు నలుఁడని చదువరికి ముందే తెలియును. కావున నలుఁడు దాఁచిన ప్రతిమాటయుఁ జదువరికి రెండింతలుగా ధ్వనించును. దమయంతి యా కావ్యమునకు సహృదయ గాదు, అందలి పాత్ర. ఆమెకు లభించినది మాట యొక్కటియే. ఒకే వాక్యము సభలోనివానికి ధ్వనియు, ఎదుటనున్నయామెకు వంచనయు నగుచున్నది. ఈ రెండింటి నడుమనున్న యంతరమే ఘట్టమందలి కరుణమునకు మూలము. కావున నామగోపనము పాత్రకు దోషము, కావ్యమునకు గుణము. కవిని మెచ్చుకొనుటకై నలుని సమర్థింపనక్కఱలేదు. నలుని దప్పుపట్టుటచే కవికి లోపము రాదు.

స్వయంవరమందలి శ్లేష

ఈ భేదమును కవి యెఱుఁగునని చెప్పుటకు స్వయంవరఘట్టము ప్రబలమైన సాక్ష్యము. నలుగురు దేవతలును నలుని రూపమును దాల్చి కూర్చుండఁగా దమయంతి యెదుట నైదుగురు నలులు గలరు. సరస్వతీదేవి యొక్కొక్కరినిఁ బరిచయము చేయుచు, దేవతకును నలునకును సరిపడునట్లు శ్లేషించి వర్ణించును. పాండిత్యమున కిది పరాకాష్ఠ. కాని యా వాగ్దేవి వాక్కువలన దమయంతికిఁ గలిగినది సందేహాధిక్యమే. దేవతలను బ్రార్థించి, వారి యనుగ్రహమును బడసిన పిమ్మటనే యామెకా శ్లేష విడిపోయినది. కనుఱెప్పలు వాల్పమి, నేల సోఁకమి మున్నగు చిహ్నములవలన దేవతలు వేఱుపడిరి. తమ నిజస్వరూపమును వారు దాఁచుట మానినప్పుడే నిజమైన నలుఁడు గానవచ్చెను.

ఇట్లు మూఁడు స్థలములందును మార్గ మొక్కటియే. హంసతోఁ దొలుత శ్లేష, పిదప తేటమాట. దూతతోఁ దొలుత గోపనము, పిదప నామప్రకటనము. స్వయంవరమున నైదుమూర్తుల భ్రాంతి, పిదప స్పష్టచిహ్నము. శ్లేషరచనయందు నిరుపమానుఁడైన శ్రీహర్షుఁడు శ్లేష తొలఁగినచోటనే ప్రతిమాఱును కథను ముందునకు నడపెను.

ఉత్తరకథ

నైషధము దంపతుల భోగవర్ణనముతో ముగియును. ఐనను కలి నలుని యుద్యానమునఁ దాండ్రచెట్టుపైఁ గాచుకొనియున్నాఁడని చెప్పి, రాఁబోవు విపత్తును కవి జ్ఞాపకము చేసియే యున్నాఁడు. భారతము నెఱిఁగిన చదువరికి మిగిలినకథ తెలిసినదే. జూదమున సర్వమును గోల్పోయి యడవిపాలైన నలుఁడు భార్యకు విదర్భమార్గమును మాటిమాటికిఁ జూపును. నన్ను విడువఁదలఁచితివా యని దమయంతి సూటిగా నడుగును; ఇరువురమును విదర్భకే పోవుదమనియు ననును. అతఁడు నిన్ను విడువనని చెప్పి, యా రాత్రియే నిద్రించుచున్నయామె చీర సగము కోసికొని వెడలిపోవును. ఋతుపర్ణునొద్ద బాహుకుఁడను పేరుతో నుండి మరలఁ బేరు దాఁచుకొనును. దమయంతి బ్రాహ్మణులచేఁ బంపిన గూఢవాక్యమునకు గూఢముగానే బదులిచ్చును. ఆమె రెండవ స్వయంవరమను మిషను గల్పింపవలసివచ్చును. కేశిని రాయబారము నడపవలసివచ్చును. నాలుగవయేటఁగాని వారికి సమాగమము గలుగలేదు.

వ్యాసుఁడు నలుని గోపనస్వభావమును ఆపత్కాలమునఁ జూపెను. శ్రీహర్షుఁడు దానినే ప్రణయకాలమున బీజముగా నాటెను. అంతఃపురమునఁ బేరు చెప్పని దూతయే, యడవియందు మాట చెప్పక వెడలిన భర్తయు, వంటశాలయందుఁ బేరు మార్చుకొన్న బాహుకుఁడును. పెండ్లికి ముందు మహత్త్వముగాఁ దోఁచిన గుణమే పెండ్లి పిమ్మట వియోగకారణమగుచున్నది. కలి యావేశము భారతము చెప్పిన కారణము. దాని కనుకూలమైన తావు నలుని స్వభావమునందును గలదని నైషధమును జదివినవారికిఁ దోఁపక మానదు.

కాఁబట్టి నలదౌత్యమును సత్యసంధతకు నిదర్శనముగా మాత్రమే బోధించుట ఘట్టమున కన్యాయము. నలుఁడు దేవతలకుఁ దప్పని మాట నిలుపుకొనెను. దమయంతికిఁ జెల్లవలసిన మాటను మాత్రము తెలివియున్నంతసేపు చెల్లింపలేదు. ఈ రెండవ యప్పును కవి మఱువలేదు. విద్యార్థులకీ ఘట్టము బోధించునప్పుడు శ్లేషార్థములతోపాటు, శ్లేషకు వెలుపల నిలిచి పేరు కొఱకు ముమ్మాఱడిగిన యా కన్యకయొక్క ప్రశ్నను గూడ వినిపించినచో, నైషధము విద్వాంసులకు మాత్రమే గాక హృదయవంతులకును ఔషధమగును.